తిరుగుదారి పాట

మా మేనమామ పోయాడు. ఈ ఒక్క మాట రాయడానికి ఎన్నోసార్లు కూర్చుని లేచాను. ప్రసంగానికి కూర్చున్నట్టే పక్కన లేఖనం తెరిచి పెట్టుకున్నాను. చేయి అలవాటు కొద్దీ పేజీలు తిప్పుతుంది, కన్ను దేని మీదా నిలవదు.

కబురు వచ్చినప్పుడు నేను శృంగవరపుకోట దగ్గర ఒక ఇంట్లో వాక్యం చెబుతున్నాను. చనిపోయినవాళ్ళు తిరిగి లేస్తారన్న సంగతి మీదే గొంతు చించుకుంటున్నాను. ఫోను మోగింది. అత్త.

"ఒరే అల్లుడూ, మీ మావ ఎల్లిపోనాడు. నువ్వొచ్చీ."

అంతే, పెట్టేసింది. నేను ఫోను చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా జవాబు పలకడం అలవాటైన ఒక ముసలమ్మ వెనక వరసలోంచి, ఆ మౌనానికి కూడా, "స్తోత్రం!" అంది. ఆ స్తోత్రం ఇప్పటికీ చెవిలోంచి పోవడం లేదు.

మావయ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై గజపతినగరంలో ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రం ఆయన రేడియో మాస్టారు. మాకు దగ్గర్లో ఒక కాలేజీవాళ్ళు నడిపే చిన్న రేడియో ఉంది. వరికి తెగుళ్ళ మందు, పశువులకి టీకాలు, మధ్యలో సినిమా పాటలు. అందులో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంట మావయ్యది. ఆ గంటలో ఆయన చెప్పింది జాజ్ చరిత్ర. అమెరికాలో బానిసలుగా అమ్ముడుపోయిన నల్లవాళ్ళ పిల్లలు, మనవలు పుట్టించిన సంగీతం అది. గోగునార ఉతికేవాళ్ళకి, ఆటో తోలేవాళ్ళకి, కిరాణా కొట్టులో పొట్లాలు కట్టేవాళ్ళకి ఆ సంగీతం గురించి మన మాటలో చెప్పాడాయన.

ఆయనకది ఎక్కడ పట్టుబడిందంటే, ఉద్యోగం కొత్తలో రాయగడ లైన్లో ఒక చిన్న స్టేషన్లో వేశారు. పొద్దున ఒక బండి వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా పట్టాల మీద మేకలే. ఆ ఖాళీలో రేడియో ముల్లు తిప్పుతూ ఉంటే విదేశీ స్టేషనొకటి తగిలిందట. ఎవరో బాకా ఊదుతున్నారు. "రైలు రాకముందే కూత ఇనబడినట్టు అయిందిరా," అనేవాడు. భాష తెలీదు, పేర్లు తెలీవు. డిక్షనరీ కొన్నాడు. ఎక్కడ ఏ కాగితం దొరికినా చదివాడు. క్యాసెట్లు పోగేశాడు, అవి పోయాక మొబైల్లో వెతికాడు. ఏ గురువూ లేకుండా లేఖనం చదువుకున్న నాకూ, ఏ గురువూ లేకుండా ఆ సంగీతం చదువుకున్న ఆయనకీ పొత్తు అలా కుదిరింది. కుదిరిందంటే పోట్లాట కుదిరింది.

ఆయన చరిత్రని సంవత్సరాల వరసలో చెప్పలేదు. వారానికో సంగతి పట్టుకునేవాడు. ఒక వారం రైలు, ఒక వారం వరద. ఇంకో వారం ఆకలి, ఆ తర్వాత జైలు, అమ్మ, కూలి. ఆకలి అన్న వారం ఆకలి మీద వాళ్ళు కట్టిన పాటలన్నీ, పాతవీ కొత్తవీ కలిపి వినిపించి, ఏది ఎందుకు పుట్టిందో చెప్పేవాడు. "పద్ధతిగా మొదట్నించీ చెప్పొచ్చు కదా మావా?" అన్నాను ఒకసారి.

"సంవత్సరాలు సెప్తే పరీక్ష రాసే పిల్లలు ఇంటారు. ఆకలి అని సెప్పు, ఊరంతా ఇంటాది."

ఆ సంగీతం తాగుబోతుల గుడారాల్లో పెరిగిందని నేను చదివాను. కయ్యానికి వెళ్ళాను. చెరపట్టి తీసుకుపోయిన జనం బబులోను నది ఒడ్డున కూర్చుని, పాడమని అడిగితే పాడక, తమ వాయిద్యాలు చెట్లకి తగిలించేశారని లేఖనంలో ఉంది కదా, దేవుని జనం చేసేది అదీ, అన్నాను. బల్ల కూడా గుద్దాననుకుంటాను. మావయ్య చుట్ట నోట్లోంచి తీసి నా చేతి వైపు చూశాడు.

"ఆళ్ళు తగిలించీసినారు. ఈళ్ళు తగిలించనేదురా. ఈ కథంతా అదే." చుట్ట నుసి రాల్చి, "నువ్వు బల్ల గుద్దినావు సూడు, దెబ్బ ఒకటి తాళం కన్నా ముందు పడిపోనాది. అది జాజే. నీకు తెలీకుండా నువ్వూ అందులోనే ఉన్నావు," అన్నాడు.

తర్వాతి ఆదివారం రేడియో పెడితే నా గొంతే! పక్క ఊరి సభలో నా ప్రసంగాన్ని మావయ్య ఫోన్లో పట్టాడు. నేను ఒక కేక వేయడం, జనం "స్తోత్రం" అనడం, నేను ఇంకొంచెం పైకి ఎత్తడం, జనం ఇంకొంచెం పైకి అనడం. దాని పక్కనే ఒక పాత రికార్డు: ఒక బాకా కేక వేస్తుంది, మిగతా బాకాలు జవాబు పలుకుతాయి. ఆ పక్కన ఊడుపు మళ్ళో మన ఆడవాళ్ళు పాడిన పాట: ఒకామె అందుకుంటుంది, వెనక వరసంతా అందిస్తుంది. "ఈ మూడూ ఒక కడుపున పుట్టినవే. గుడిసె గుళ్ళో కేకేసిన పాస్టరు లేకపోతే ఈ సంగీతం లేదండి," అని చెప్పాడు రేడియోలో. ఆ వారం నేను మావయ్య ఇంట్లో ఉండగా మా చర్చి సంఘ పెద్ద ఊగిపోతూ వచ్చాడు.

"ఏటండీ ఇది? దైవ వాక్యం తీసుకెళ్ళి బాకాల మజ్జిన పెట్టీసినాడు మీ మావ!"

"లేఖనంలో యెరికో గోడలు దేనికి కూలాయండీ, బాకాలు ఊదితే కాదూ?" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. అత్త గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మా ఊళ్ళో పెళ్ళికీ, చావుకీ ఒకే బ్యాండు మేళం. దాని మేస్త్రి క్లారినెట్ ఊదుతాడు. మావయ్య ఒక వారం అతన్ని స్టూడియోకి తీసుకెళ్ళి ఒక రికార్డు వినిపించాడు. అందులో క్లారినెట్ ఒక స్వరం దగ్గర మొదలై, జారి, ఎక్కడో మధ్యలో వేలాడుతుంది. మేస్త్రి మొహమాటపడ్డాడు.

"మాస్టారూ, రికార్డు అరిగిపోనాదండి. సుతి జారిపోతన్నాది."

"అరగనేదురా. ఆడు కావాలనే జారినాడు."

"కావాలని ఎవుడు జారతాడండీ?"

"నిలబడ్డానికి సోటు నేనోడు."

మేస్త్రి ఇంకేమీ అనకుండా తన క్లారినెట్ తీసి, శవయాత్రలో వాయించే కీర్తన ఒకటి అందుకుని, దాన్ని అలాగే జార్చాడు. స్టూడియోలో ఫ్యాను ఒక్కటే మాట్లాడిందని మావయ్య చెప్పాడు.

ఆ ఫ్యాను గురించి చెప్పాలి. స్టూడియోలో ఏసీ పనిచేయదు. ఫ్యానుకి ఒక పక్క కిర్రు. మావయ్య గొంతు వెనక ఎప్పుడూ ఆ కిర్రు ఉండేది. నాలుగు మండలాల్లో ఆయన కార్యక్రమం విన్న ప్రతివాడికీ అది తెలుసు.

ఇంకోటి కూడా చెప్పాలి. కార్యక్రమం చివర ఆయన "ఇంతటితో సమాప్తం" అనేవాడు కాదు. "మరి వస్తాను," అనేవాడు. వినేవాళ్ళకి అది వచ్చేవారం మాట. ఇంట్లో మా అత్తకి అది ఎసరు పెట్టమన్న మాట. బియ్యం కడిగి గిన్నెలో నానేసి, పొయ్యి పక్కన రేడియో పెట్టుకుని కూర్చునేది. "మరి వస్తాను" వినబడగానే పొయ్యి అంటించేది. ఆయన సైకిలు మీద ఇల్లు చేరేసరికి అన్నం వార్చి ఉండేది. సంగీతం గురించి ఏమనుకుంటున్నావని అడిగితే, "నాకేటి తెలుసురా, నాను సివరి మాట కోసం ఇంటాను," అనేది.

ఆ గొంతులోనే పుండు లేచింది.

చదువరులారా, నేను దేవుణ్ణి ప్రశ్నించకూడదని మీకు బోధించినవాణ్ణి. కానీ డాక్టరు అది క్యాన్సరని చెప్పిన రోజు విశాఖ ఆసుపత్రి వరండాలో ప్రశ్నించాను, ఇప్పుడూ ప్రశ్నిస్తున్నాను. అబద్ధాలు అరిచే గొంతులున్నాయి. ఇంటి ఆడదాన్ని తిట్టడానికి తప్ప తెరుచుకోని గొంతులున్నాయి. వాటికి ఏ జబ్బూ రాదు, నిండు నూరేళ్ళూ మోగుతాయి. ప్రభూ, నీ సృష్టిలో వెతికి వెతికి ఈ గొంతునే ఎందుకు పట్టుకున్నావు? అన్నీ పోగొట్టుకున్న యోబు ఇలాగే అడిగాడు, ఆయనకి సుడిగాలిలోంచి జవాబు వచ్చింది. నాకు గాలి కూడా రాలేదు.

మావయ్య మానలేదు, ప్రతి ఆదివారం వెళ్ళాడు. ఇదివరకు చాలాసేపు చెప్పి ఒక పాట వేసేవాడు. మెల్లగా మాట తగ్గి పాట పెరిగింది. ఆఖర్న "వాన" అనేవాడు, పాట. "పిల్లలు" అనేవాడు, పాట. టీ కొట్టు దగ్గర ఒకతను నాతో సంతోషంగా అన్నాడు: "మాస్టారు ఇప్పుడు టూకీగా సెప్తన్నారండి. ఇదే బాగున్నాది." నేను టీ వదిలేసి వచ్చేశాను. "మరి వస్తాను" అన్నది ఎవరికీ వినబడని రోజులొచ్చాయి. అత్తకి మాత్రం ఎసరు వేళ తప్పలేదు. ఎలా తెలుస్తోందని అడిగితే, "ఫ్యాను సప్పుడులో ఇనబడతాదిరా," అంది.

ఆయన మొదటినుంచీ ఒక్క సంగతిని చివరికి దాచుకున్నాడు. అది చావు. ఆ సంగీతం పుట్టిన ఊళ్ళో ఒక ఆచారం ఉందట. ఎవరైనా పోతే బ్యాండు సమాధి దాకా నెమ్మది కీర్తనలు వాయిస్తూ వెళుతుంది. డోలు మోగకుండా దాని కింద రుమాలు కడతారు. పూడ్చిపెట్టి తిరిగి బయల్దేరాక, కొంత దూరం నడిచి, డోలువాడు రుమాలు విప్పేస్తాడు. అక్కణ్ణించి అదే బ్యాండు హుషారుగా వాయిస్తుంది, జనం ఆడుతూ ఇళ్ళకొస్తారు. "ఆ రుమాలు ఇప్పడమే రా జాజ్ అంటే," అనేవాడు. "ఆఖరి వారం అది సేద్దాం. పేరు తిరుగుదారి."

మన దగ్గర అలా కాదు. మన బ్యాండు శ్మశానం గేటు దాకానే. అక్కడ సామాను సర్దుకుని వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు ఉండకూడదు, వెనక్కి చూడకూడదు. చావింటినుంచి వెళ్ళేవాడు "వస్తాను" అనకూడదు. అంటే చావు మళ్ళీ ఆ ఇంటికి వస్తుందని భయం. నమ్మకం లేనివాళ్ళ భయం అది అని నేను ఎన్నో సభల్లో అరిచాను. తిరిగి కలుస్తామని నమ్మే మనమే కదా గట్టిగా "వస్తాను" అనవలసినవాళ్ళం, అని బల్ల గుద్దాను.

పోవడానికి కొద్ది రోజుల ముందు మావయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. చెవి ఆయన నోటికి ఆనించితే గాని వినబడలేదు.

"నన్ను దింపీసి వస్తన్నప్పుడు రుమాలు ఇప్పించు. మేస్త్రికి సెప్పినాను. ఆదివారం రేడియోలో నువ్వు సెప్పు. నీకు గొంతున్నాది."

"అలాగే మావా," అన్నాను. అలాగే అనడం ఎంత సులువో!

అంత్యక్రియల్లో వాక్యం నేనే చెప్పాను. ఏమి చెప్పానో నాకు గుర్తులేదు. మాలో ఆడవాళ్ళు కూడా సమాధి దాకా వస్తారు, అత్త కూడా వచ్చింది. మేస్త్రి మాట తప్పలేదు. డోలుకి చారల రుమాలు కట్టించాడు, కీర్తనని ఆ రోజు స్టూడియోలో జార్చినట్టే జార్చాడు. మన్ను వేశాం. గేటు దాటాం. బ్యాండువాళ్ళు ఎప్పటిలా వాళ్ళ దారిన పోలేదు, మాతోనే నడిచారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మలుపు దగ్గర మేస్త్రి ఆగి, డోలువాడి పక్కకి వెళ్ళి, రుమాలు ముడి మీద చేయి వేశాడు.

"బాబూ, ఇప్పీమంటారేటి?"

నేను నోరు తెరిచేలోపు అత్త అంది. గట్టిగా కాదు.

"ఎవులింటికిరా ఆ పాట?"

అత్త నా వైపు తిరిగింది.

"మీరందరూ మీ ఇళ్ళకి ఎల్తారు. మీకు తిరుగుదారి ఉన్నాది. నాకు ఈ దారి సివర ఏటున్నాదిరా అల్లుడూ? నువ్వు సదువుకున్నావు కదా, సెప్పు. సెప్తే ఇప్పించు."

లేఖనం నా చంకలోనే ఉంది. ఎక్కడ ఏ మాట ఉందో కళ్ళు మూసుకుని తీయగలను. తీయలేదు. ఎండిన ఎముకల లోయలో నిలబెట్టి ఈ ఎముకలు బతుకుతాయా అని దేవుడు అడిగితే, నీకే తెలుసు ప్రభూ అన్నాడు ప్రవక్త. ఆ పాటి జవాబు కూడా నాకు రాలేదు. మేస్త్రి ముడి మీంచి చేయి తీసేశాడు. బ్యాండు ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. డోలు వెనక కమ్మీకి కట్టి ఉంది, దాని రుమాలు దానికే ఉంది. మేము కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేకుండా ఇల్లు చేరాం. ఆ సాయంత్రం చుట్టాలందరూ ఒక్కొక్కరే, ఏమీ అనకుండా, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం వచ్చింది. స్టేషను చూసుకునే అమ్మాయి ఫోను చేసింది. "ఈ గంట మీదేనండి. సారు పాటలు వరసగా పెట్టి వెళ్ళారు."

వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను. పైన ఫ్యాను కిర్రుమంటోంది. వేల మంది ముందు మైకు లేకుండా మాట్లాడినవాణ్ణి, ఆ చిన్న మైకుని రెండుసార్లు సర్దుకున్నాను.  ఆ ఊరి ఆచారం చెప్పాను, డోలు కింద రుమాలు చెప్పాను. మావయ్య ఏరిన నెమ్మది పాటలు ఒకటి తర్వాత ఒకటి వేశాను. సమాధి దాకా అందరినీ తీసుకెళ్ళాను. అక్కడికి తీసుకెళ్ళడం నాకు వచ్చు.

ఇక మిగిలింది ఒక్క పాట. తిరుగుదారిది. అద్దం అవతల ఆ అమ్మాయి దాన్ని సిద్ధంగా పెట్టి నా చేతి సైగ కోసం చూస్తోంది. ఇంట్లో పొయ్యి పక్కన మా అత్త వింటోందని నాకు తెలుసు. ఆ పాట ఆమె వంటింట్లో మోగుతుంది. ఎవరింటికిరా అని ఆమె మళ్ళీ అడుగుతుంది.

"ఈ తర్వాత పాట నేను వేయలేనండి," అన్నాను. "ఆయన వేయమన్నాడు. ఆ పాట వేయాలంటే ఆ దారి చివర ఏదో ఉందని తెలిసి ఉండాలి. ఉందని మీకు ఎన్నోసార్లు చెప్పాను. ఇవాళ నాకు కనబడడం లేదు. ఈ పాటలు కట్టినవాళ్ళు తమ వాయిద్యాలు చెట్లకి తగిలించలేదని మా మావ చెప్పేవాడు. నేను తగిలించేశాను."

ఆ అమ్మాయి తల వంచుకుంది. ముగించాలి. ముగించే మాట ఒక్కటే ఉంది, వినేవాళ్ళందరికీ తెలిసిన ఆ "మరి వస్తాను". నోటి దాకా వచ్చింది. కానీ మావయ్య ఇల్లు ఇంకా చావిల్లే. చావింటికి చేరే గొంతుతో ఆ మాట ఎలా అనను? అనాలని అరిచిన నోరే నాది. ఆ మాట అనలేదు. లేచి బయటికి వచ్చేశాను. ఆ అమ్మాయి కొంగుతో ముఖం కప్పుకుని అలాగే కూర్చుంది. మైకు ఆపాలని ఆమెకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మోటారు సైకిలు మీద అత్త ఇంటికి చేరాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే వినబడింది. కిర్రు. కాసేపాగి, మళ్ళీ కిర్రు. మనిషి లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను, నాలుగు మండలాల మీదుగా.

అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన రేడియో, చేతిలో అగ్గిపెట్టె. పొయ్యి మీద ఎసరు గిన్నె పెట్టి ఉంది, కింద మంట లేదు.

"రేడియో ఆపీనా అత్తా?" అన్నాను.

"ఉండనీ. ఇంకా అవనేదు కదా."

నా వైపు చూడలేదు. రేడియో వైపు చెవి వంచింది, చాలా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళ దగ్గర వంచినట్టు. ఆమె మోకాలి దగ్గర గిన్నెలో కడిగిన బియ్యం నాని, ఉబ్బి, నీళ్ళ అంచు దాకా తెల్లగా పేరుకుని ఉన్నాయి.